తాళం చెవి నా దగ్గర భద్రంగా ఉంది

మా ఇంటి నుంచి,
సోమవారం

ఫ్లాటు నర్సమ్మ గారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. పోయిన వారం నాలుగు రోజులు సముద్రం దగ్గరి మీ ఫ్లాటులో దిగిన తల్లీకూతుళ్ళలో తల్లిని. నా కూతురు బళ్ళో లెక్కల టీచరు. ఫోనులో బొమ్మలు చూసి, ఫోనులోనే అద్దె కట్టి, మీ ముఖమైనా చూడకుండా నన్ను అక్కడికి తీసుకొచ్చింది. వంటగది గోడకి మీరు అంటించిన కాయితం మీద మీ అడ్రసు ఉంటే రాసుకున్నాను. ఆసుపత్రిలో పని, డ్యూటీలో ఉంటే ఫోను ఎత్తను, ఏమనుకోవద్దు అని కూడా రాశారు కదా. ఏమనుకోలేదు. నాకూ ఫోనులో మాట సగమే వినబడుతుంది. అందుకని ఉత్తరం.

ముందు అసలు సంగతి. ఈ కవరులో గుడ్డలో చుట్టి దారంతో కుట్టేసింది మీ తాళం చెవి. భద్రంగా ఉంది, మీరు ఏమీ బెంగ పెట్టుకోకండి. వెళ్ళేటప్పుడు దాన్ని మెట్ల పక్క గోడకున్న ఇనప డబ్బాలో పెట్టి, అంకెలు తిప్పేసి పొమ్మన్నారట. అమ్మా, నేను ఆ డబ్బా చూశాను. దారిన పోయే ప్రతివాడి చేతికీ అందేంత ఎత్తులో ఉంది. నాలుగు అంకెలు తిప్పడం ఎంతసేపు? లోపల మంచాలు, ఫ్రిజ్, టీవీ అన్నీ పెట్టుకుని ఇంటి చెవి వీధి గోడకి వదిలేస్తారా ఎవరైనా? మా అమ్మాయి సామాను కారులో పెట్టించుకుంటుంటే నేను చెవిని చేతిసంచి లోపలి అరలో వేసి జిప్పు లాగేశాను. ఇల్లు చేరిందాకా సంచి ఒళ్ళోంచి దించలేదు. రిజిస్టరు పోస్టుకి ఎంతవుతుందో కనుక్కోవడానికి పొద్దున వెళితే ఆ క్లర్కు లోపలేముందని అడిగాడు. ఒకరి ఇల్లుంది నాయనా, జాగ్రత్తగా పంపు అన్నాను.

ఇంకో మాట. వచ్చేటప్పుడు కరెంటు మెయిన్ స్విచ్ దింపేశాను. ఎవరూ లేని ఇంట్లో కరెంటు ఎందుకు? నీలం కప్పు పిడి చీలిక మేం రాకముందు నుంచే ఉంది, మేం పగలగొట్టలేదు. పడకగది పైకప్పు మీద ఎర్రగా మిణుకుమనేది పొగ వస్తే మోగేది మాత్రమే అని మా అమ్మాయి ఒట్టేసి చెప్పింది, అయినా నేను బట్టలు స్నానాలగదిలోనే మార్చుకున్నాను. బొమ్మలో కిటికీ నిండా సముద్రం ఉంది, వచ్చి చూస్తే రెండు మేడల మధ్య చారెడు కనబడింది. ఆ చారెడు చాలులెండి, ఎక్కువైతే నాకు కళ్ళు తిరుగుతాయి. మంచం మటుకు బాగుంది. నాలుగు రోజులూ మా అమ్మాయి నవ్వుతూ ఉంది. దాన్ని అలా చూసి చాలా కాలమైంది.

చెవి అందినట్టు ఒక్క ముక్క రాయండి. అందేదాకా నాకు నిద్ర ఉండదు.

ఇట్లు,
లెక్కల టీచరు తల్లి

---

నర్సుల క్వార్టర్స్ నుంచి,
శుక్రవారం

పెద్దమ్మ గారికి,

చెవి అందింది. మీరు పంపిన చెవికి ఇప్పుడు తాళం లేదు. పగలగొట్టాల్సి వచ్చింది.

మీరు బయల్దేరిన మూడు గంటలకి అదే ఫ్లాటులో దిగడానికి ఇంకో కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఆరు నెలల పాప, కర్ర పట్టుకు నడిచే తాతగారు. డబ్బా తెరిస్తే ఖాళీ. నేను ఇక్కడ, నాలుగు గంటల ప్రయాణం దూరంలో, ఆపరేషన్ గదిలో ఉన్నాను. ఫోను బయట బీరువాలో ఉంది. రెండో చెవి ఫ్లాటు ఊడ్చే ఆవిడ దగ్గర ఉంటుంది, ఆ రోజు ఆవిడ ఊళ్ళో లేదు. వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. పాప ఏడ్చింది. కనబడిన ప్రతి తలుపూ కొట్టారు. వాటిలో ఒకటి మా బిల్డింగు కమిటీ ప్రెసిడెంటు గారిది. ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. చివరికి తాళాలవాణ్ణి పిలిపించి విరగ్గొట్టించారు. లోపలికి వెళితే కరెంటు లేదు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్ళకి దొరకలేదు.

వాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోయారు. అద్దెల కంపెనీకి ఫిర్యాదు చేశారు. చివరగా ఉన్నవాళ్ళు చెవి తీసుకెళ్ళి ఉంటారని నేను కంపెనీకి రాశాను. దానికి మీ అమ్మాయి నా ఫ్లాటు పేజీలో అందరికీ కనబడేలా ఇలా రాసింది: "చెవి నా కళ్ళ ముందే డబ్బాలో పెట్టాం. తన నిర్లక్ష్యాన్ని మా నెత్తిన రుద్దుతున్న మనిషి. అబద్ధాలకోరు. ఇక్కడ దిగకండి."

ఇప్పుడు మీ ఉత్తరం వచ్చింది.

ఈ ఫ్లాటులోకి బయటివాళ్ళని రానివ్వడం మా బిల్డింగులో చాలామందికి ఇష్టం లేదు. ఒక్క గొడవ జరిగినా ఆపేయాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం మీటింగు. మీ అమ్మాయి రాసింది ప్రెసిడెంటు గారు కాయితం మీద తీయించి పెట్టుకున్నారు. ఓనరే అబద్ధాలాడుతుందని దిగినవాళ్ళే అంటున్నారు చూడండి అని అందరికీ చూపిస్తున్నారు.

నాకు తెలియాల్సింది ఒకటే. చెవి మీరు తీసుకెళ్ళిన సంగతి మీ అమ్మాయికి తెలుసా?

ఇట్లు,
నర్సు

---

మా ఇంటి నుంచి,
మంగళవారం

నర్సమ్మా,

తెలియదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గారు అనడం మర్చిపోతున్నాను, ఏమనుకోకు. ఆ పాప ఎలా ఉంది? మెట్ల మీద గాలి తగిలి జలుబేమైనా చేసిందా? తాతగారు పడలేదు కదా? దాని గురించి రాయలేదేం? ఏదో అయ్యే ఉంటుంది, నా గుండె ఆగిపోతుందని దాచావు.

జరిగింది చెప్తాను. కారు దగ్గర మా అమ్మాయి "డబ్బాలో పెట్టావా అమ్మా" అంది. లేదంటే, వీధిలో అందరి ముందూ "నీ భయాలతో చంపుతావు" అంటుంది, చెవి లాక్కుని వెళ్ళి పెట్టేస్తుంది. నీ ఇల్లు దొంగలపాలవుతుంది. అందుకని "ఆఁ" అన్నాను. ఇంటికొచ్చాక చల్లగా చెబుదామనుకున్నాను. నాలుగు రోజులకి అది ఫోను చూసి ఎగిరిపడింది. "ఆ నర్సు మనల్ని దొంగలంటోంది. అమ్మా, నిజంగా పెట్టావు కదా?" అని మళ్ళీ అడిగింది. అంత కోపంలో ఉన్న మనిషికి ఎలా చెప్పను? మళ్ళీ "ఆఁ" అన్నాను. చెవి అప్పటికే పోస్టులో ఉంది, నీకు అందితే నువ్వే సర్దుకుంటావు అనుకున్నాను. అది ఫోనులో ఏదో టకటకా కొట్టింది. నీ గురించి అంత మాట రాస్తుందని నాకు తెలియదు.

అది నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళేది కాదమ్మా. ఇంట్లో వదిలి వెళ్ళినా కష్టమే, గంటకోసారి ఫోను చేస్తాను. వెంట తీసుకెళ్ళినా కష్టమే, బస్సు బ్రేకు వేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటాను. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, సరే రా అంది. ఇప్పుడిది తెలిస్తే ఇంకెప్పుడూ అనదు.

అందుకని ఇలా చేద్దాం. ఈ ఉత్తరంతో కమిటీ పెద్దలకి వేరే కాయితం రాసి పెట్టాను. తప్పంతా నాదేనని, నువ్వు మంచిదానివని, నిద్ర చెడగొట్టినందుకు ప్రెసిడెంటు గారు క్షమించాలని రాశాను. సంతకం చేశాను, వేలిముద్ర కూడా వేశాను, ఏది చెల్లుతుందో తెలియక. అది వాళ్ళకి చూపించు. మా అమ్మాయికి మాత్రం చెప్పకు. దాని దాకా రానివ్వకు. నీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ అనుకో

---

నర్సుల క్వార్టర్స్ నుంచి,
శనివారం

పెద్దమ్మ గారికి,

పాప బాగుంది. తాతగారు పడలేదు. దాచలేదు, రాయడం తట్టలేదు.

ఈరోజు ఫ్లాటుకి వెళ్ళి మీ కాయితం ప్రెసిడెంటు గారికి చూపించాను. రెండుసార్లు చదివి, వేలిముద్ర వెలుగులో పెట్టి చూసి, "ఇది ఎవరైనా రాయొచ్చు. మీ వార్డులో ముసలివాళ్ళకి కొదవా?" అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ ఆయన మాటలో తప్పు లేదు. పేజీలో ఉన్న మాట మీ అమ్మాయిది. ఆమె వెనక్కి తీసుకుంటే తప్ప అది అక్కడే ఉంటుంది. అది చూసి ఇద్దరు ఇప్పటికే రావడం మానుకున్నారు.

నేను అక్కడెప్పుడూ ఉండలేదు, తెలుసా? ఇరవై రెండేళ్ళు మందుల వాసన పీల్చి ఆ రెండు గదులు కొనుక్కున్నాను. మీరన్న ఆ చారెడు సముద్రం కోసమే కొన్నాను. రిటైరయ్యాక ఉందామని. అప్పటిదాకా దిగేవాళ్ళు వస్తేనే అది నాకు నిలుస్తుంది. వద్దంటే అమ్మేయాలి. ఇంకో దారి లేదు.

మీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది. దాన్ని ఫొటో తీసి మీ అమ్మాయి ఫోనుకి పంపడం నాకు అర నిమిషం పని. నిన్న డ్యూటీ దిగాక ఫొటో తీశాను కూడా. పంపలేదు. పంపను. ఇంకొకరి నోట విని తెలుసుకుంటే ఆమెకి ఎలా ఉంటుందో ఆలోచించాను. మీకు ఎలా ఉంటుందో కూడా.

చెప్పాల్సింది మీరు. మీటింగుకి ఇంకా పదిహేను రోజులుంది. ఈ ఉత్తరం మీకు చేరేసరికి పన్నెండు.

ఇట్లు,
నర్సు

---

మా ఇంటి నుంచి,
గురువారం

నర్సమ్మా,

ఈ ఉత్తరం ఈరోజే పోస్టు చేద్దామని మొదలుపెట్టాను. చెప్పేశాను అని రాద్దామని. చెప్పలేదు.

సాయంత్రం అది పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే టీ పట్టుకెళ్ళి పక్కన నిలబడ్డాను. "నీకో మాట చెప్పాలి" అన్నాను. ఎర్ర పెన్ను ఆపి నా వైపు చూసి "మోకాలా?" అంది. ఆఁ అన్నాను. పేపర్లు పక్కన పెట్టి అరగంట మోకాలికి మందు రాసింది. నొప్పేమీ లేదు. ఇప్పుడు దాని మీద ఇంకో అబద్ధం.

శుక్రవారం

మాట రాకపోతే పోనీ, చదువుకుంటుందిలే అని పొద్దున నీ ఉత్తరం మడిచి దాని టిఫిను సంచిలో పెట్టాను. అది మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది. తోటి టీచర్ల మధ్య విప్పుతుంది కదా, అక్కడ అది తలెత్తుకోగలదా? వెనకాలే పరిగెత్తాను. నాకు డెబ్భై మూడేళ్ళు, పరిగెత్తాను. "స్పూను మర్చిపోయాను" అని సంచిలో చెయ్యి పెట్టి ఉత్తరం తీసేశాను. "స్పూను ఉందిగా అమ్మా" అంది. ఉందిలే అన్నాను. అది నన్ను అదోలా చూసింది. మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

ఆదివారం

చెప్పాను.

మధ్యాహ్నం అది స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతోంది. అద్దెల కంపెనీ వాళ్ళు ఈ గొడవ తేలిందాకా దాన్ని ఇంకెక్కడా ఇల్లు తీసుకోనివ్వరట. "ఆ నర్సు చేసిన పనికి నేను ముద్దాయినయ్యాను. మనిషి పచ్చి అబద్ధాలకోరు" అంటోంది. నేను బట్టలు మడత పెడుతున్నాను. నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. "అబద్ధాలకోరు ఆవిడ కాదు, నేను" అన్నాను.

ఫోను పెట్టేసింది. అంతా చెప్పాను. జిప్పు అర, రిజిస్టరు పోస్టు, మోకాలు, స్పూను, అన్నీ. నీ ఉత్తరాలు తెచ్చి చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. చదివి, "రెండుసార్లు అడిగాను నిన్ను" అంది.

"భయమేసిందే" అన్నాను.

"దొంగల గురించి భయం, సరే. నేనంటే భయమా?"

దీనికి జవాబేమిటో నర్సమ్మా, నీకు తెలిస్తే రాయి. అది లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అరిచి ఉంటే బాగుండేది. రాత్రి అన్నం తిన్నది, నా కంచం కూడా కడిగింది, ఒక్క మాట మాట్లాడలేదు. నీ పేజీలో మాట తీసిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. మీటింగు వారంలోకి వచ్చేసింది. నువ్వే చూసి చెప్పాలి.

ఇట్లు,
పెద్దమ్మ

---

నర్సుల క్వార్టర్స్ నుంచి,
సోమవారం

పెద్దమ్మా,

మీటింగు నిన్న అయిపోయింది. మీరు ఊపిరి బిగబట్టి చదువుతారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నాను. ఫ్లాటు ఉంది. ఆరు నెలలు చూస్తామన్నారు. చెవి మాత్రం వీధిలో పెట్టకూడదట, మనిషి చేతికి మనిషే ఇవ్వాలట.

ఇప్పుడు మీకు తెలియని సంగతి. నిన్న మీ అమ్మాయి మీటింగుకి వచ్చింది. మీకు చెప్పలేదని తనే అంది. పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి పొద్దున బస్సెక్కిందట. కింద కార్లు పెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, ఇరవై మంది దాకా ఉన్నారు. ప్రెసిడెంటు గారు ఆ కాయితం పైకెత్తి చదవడం మొదలుపెట్టగానే వెనక నుంచి ఎవరో లేచి "అది నేను రాసిందే, నేనే చదువుతాను" అన్నారు. నేను తనని అప్పుడే మొదటిసారి చూడటం.

చదివింది. ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది తప్పు, ఇది తప్పు అని చెప్పింది. పిల్లల పేపరు దిద్దినట్టే. "కళ్ళ ముందే పెట్టాం అని రాశాను. నేను చూడలేదు. కారు డిక్కీ వైపు చూస్తున్నాను. చూడకుండా చూశానని రాసింది నేను" అంది. కంపెనీకి కూడా అదే రాసిందట, పేజీలో ఆ మాట తీసేశారు.

ప్రెసిడెంటు గారు "చెవి అసలెందుకు పట్టుకెళ్ళారమ్మా ఆవిడ" అని అడిగారు. "వీధి గోడకి చెవి వదిలితే దొంగలు పడతారని" అంది. ఆయన చేతిలోని కాయితం మడిచి, "ఈ బిల్డింగులో ఆ మాట అనడానికి మీ అమ్మగారు రావాల్సొచ్చింది" అన్నారు. ఆయనకి నా మీద కోపం అప్పుడు తగ్గింది. చెవి ఆయన భార్య దగ్గర ఉంచడానికి ఒప్పుకున్నారు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బెల్లు కొట్టకూడదన్న షరతు మీద.

తర్వాత తనూ నేనూ ఫ్లాటులో కూర్చుని టీ తాగాం. తక్కువ మాట్లాడుతుంది. బస్సుకి లేస్తూ "మా అమ్మ మీకు అన్ని ఉత్తరాలు రాసింది. నాకు మోకాలు నొప్పి అంది" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తను వచ్చినట్టు మీకు చెప్పాలా అని అడిగాను. మీ ఇష్టం అంది. నా ఇష్టం చెప్పడమే.

మీ,
నర్సు

---

మా ఇంటి నుంచి,
ఆదివారం

నర్సమ్మా,

నీ ఉత్తరం చదివి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, పాలు పొంగి స్టవ్ నిండా అయ్యాయి. అది అంత దూరం ఒక్కతే వెళ్ళిందా? తిరిగి వచ్చేసరికి చీకటి పడింది, పేపర్లు ఎక్కువగా ఉన్నాయేమో అనుకున్నాను. ఆ బస్సు ఏ డ్రైవరు నడిపాడో ఏమో. ఇప్పుడు కంగారు పడి లాభం లేదు, అది వచ్చేసి వారం అయింది, అయినా పడ్డాను. నీ ఫ్లాటు నిలిచింది. అది తలుచుకుంటే కొంచెం గాలి ఆడుతోంది.

నువ్వు రాశావని దానికి చెప్పాను. ఇక ఏదీ దాచే ఓపిక లేదు. "సరేలే" అంది. మాటలు మొదలయ్యాయి కానీ ముందులా కాదు. నేను ఏం చెప్పినా, ఊఁ అని, ఓ నిమిషం ఆగి, వెళ్ళి చూసుకుని వస్తోంది. తలుపు గడియ పెట్టానంటే వెళ్ళి గడియ చూస్తుంది. మాత్ర వేసుకున్నానంటే అట్ట తీసి ఖాళీలు లెక్కపెడుతుంది. కోపంగా కూడా కాదు. మామూలుగా లేచి, చూసి వస్తుంది. అడిగే హక్కు నాకు లేదు. నా జీవితమంతా ఇంట్లో అందరి వెనకా తిరిగి నేను చేసిన పనే కదా, అవతలి మనిషికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

నిన్న దాని స్నేహితురాలి ఇంటికి భోజనానికి పిలిస్తే ఇద్దరం బయల్దేరాం. నన్నూ రమ్మంది, అదే నాకు పెద్ద వింత. చివరి నిమిషంలో దాని కుర్తా నేనే ఇస్త్రీ చేశాను. రెండంతస్తులు దిగి గేటు దగ్గరికి వచ్చాక అది ఆగింది. "అమ్మా, ఇస్త్రీ పెట్టె స్విచ్ తీశావా" అంది.

"తీశాను" అన్నాను.

పైకి వెళుతుందని పక్కకి జరిగి దారి ఇచ్చాను. అది మెట్ల వైపు చూసింది. నా వైపు చూసింది. "సరే, పద" అని గేటు తీసి వీధిలోకి నడిచింది.

నర్సమ్మా, అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నిజంగా తీశానా? కుర్తా దండేనికి తగిలించడం గుర్తుంది. పెట్టె నిలువుగా పెట్టడం గుర్తుంది. స్విచ్ మీద చెయ్యి వేసింది ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. వెనక్కి వెళ్ళి చూసొద్దామే అందామని నోటి దాకా వచ్చింది. ఎలా అంటాను? అది నా మాట నమ్మి నడుస్తోంది. ముందు అది, వెనక నేను. బస్సులో కూర్చున్నాం. అక్కడ భోజనం చేశాం, ఏం తిన్నానో తెలియదు. వాళ్ళ వంటింట్లో ఏదో మాడిన వాసన వస్తే మా ఇల్లే అనుకున్నాను. మూడు గంటలు నవ్వుతూ కూర్చున్నాను. "మీ అమ్మ ఈమధ్య ఎంత నిమ్మళంగా ఉంటున్నారో" అంది ఆ స్నేహితురాలు. మా అమ్మాయి అవునంది.

ఇట్లు,
నీ పెద్దమ్మ